మజ్జిగలో మాత్ర

డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్స్ ఆసుపత్రి మతి చలించినవారి కోసం జొనాథన్ స్విఫ్ట్ రాసిచ్చిన ఆస్తితో వెలిసింది; 1757లో తలుపులు తెరిచింది. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1950లలో, ఈ చిన్న దేశంలో దాదాపు 20 వేలమంది అటువంటి గోడల మధ్యనే ఉండేవారు. మందులు వచ్చాయి, ఆలోచనలు మారాయి, రోగులు ఇళ్ళకు చేరారు. మంచిదే. కాని ఇంట్లో మందు మింగించేదెవరు, ఎలా?

గుంటూరు దగ్గర మా పిన్ని కొడుక్కి మజ్జిగలో మాత్ర కలిపి ఇచ్చేది. "తనకి జబ్బుందనే వాడొప్పుకోడు, ఇంకేం చెయ్యను నాయనా?" అంది ఫోనులో. డాక్టరునై ఉండీ సరేనన్నాను. ఇక్కడ ఏ రోగికీ అడగనిదే సూదైనా వెయ్యను సుమండీ! కేకలు తగ్గాయి, నిద్ర పట్టింది. ఒకనాడు గ్లాసు అడుగున తెల్లని పొడి చూశాడు. తనకు విషం పెడుతున్నారన్న భయమే అతని జబ్బు. దానికి మేమే సాక్ష్యం చూపించాం. ఏడాదిపాటు తల్లి చేతి ముద్ద ముట్టలేదు.

మనదేశపు 2017 చట్టం రోగి సమ్మతి అడగమంటోంది. చట్టం సంగతి అలా ఉంచండి. రాత్రులు మేలుకున్న తల్లిని నేను తప్పుపట్టలేను. నా తప్పు వేరు: అతనితో ఒక్కమాటైనా మాట్లాడకుండా ఒప్పేసుకున్నాను. మరుసటి సెలవుల్లో వెళ్ళి మూడువారాలు అతని పక్కన కూర్చున్నాను. ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాడు. షీటులోంచి తన చేత్తో తీసుకుంటేనే.