ఖర్జూర పంటలో మూడో వంతు

మాట ఇచ్చేవాడు ఒకడు, ఆ మాట బరువు మోసేవాడు ఇంకొకడు అయినప్పుడు ధర్మం దృష్టిలో ఆ ఒప్పందం విలువ ఎంత? ఇది కితాబుల్లో మాత్రమే ఉండే ప్రశ్న కాదు. చిలకలూరిపేట, ప్రత్తిపాడు, పర్చూరు, మార్టూరు ప్రాంతాల నల్లరేగడి భూముల్లో పత్తి, మిరప మీద బతికే మన ఇళ్లకు ఏటా ఎదురయ్యే ప్రశ్న. మనలో సొంత చేను ఉన్నవారు కొందరే. కౌలుకు చేసేవారు, కూలికి వెళ్లేవారు, మిరపకాయలకు తొడిమలు తీసే స్త్రీలు ఎందరో. తరాల తరబడి దూది ఏకి పరుపులు కుట్టిన నూర్‌బాషా కుటుంబాలకు పత్తి తాతల నాటి జీవనాధారం. విత్తనం ధర ఎంత ఉండాలి, ఏ పురుగుమందు కొట్టాలి, బయటి దేశపు పత్తి మన రేవుల్లో ఎంత సుంకానికి దిగాలి అనే విషయాలు మన ఊళ్లో తేలవు. రాష్ట్ర రాజధానిలోనూ అన్నీ తేలవు. కొన్ని ఢిల్లీలో, మరికొన్ని సముద్రాల అవతల తేలతాయి.

'ఇవన్నీ దునియా వ్యవహారాలు, వీటితో దీన్‌కు ఏమి సంబంధం?' అని అనేవారు ఉన్నారు. మద్రసాలో నమాజు, రోజా అధ్యాయాల తర్వాత విద్యార్థులు నెలల తరబడి చదివేది క్రయవిక్రయాలు, కౌలు, వకాలత్, పూచీకత్తుల గురించే. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే మాయిదా సూరా ప్రారంభమవుతుంది. సంబంధం లేదనుకోవడానికి మాకు కారణమేమీ కనిపించలేదు.

హిజ్రీ 5వ సంవత్సరం. కందక యుద్ధం. ఖురైషులు, గత్‌ఫాన్ తెగలవారు మదీనాను చుట్టుముట్టారు. చలి, ఆకలి, లోపలి కపటుల గుసగుసలు. ముట్టడి సాగుతున్నకొద్దీ ముస్లిముల పరిస్థితి కష్టమైంది. అప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) గత్‌ఫాన్ నాయకులు ఉయైనా బిన్ హిస్న్, హారిస్ బిన్ ఔఫ్‌లతో సంధి మాటలు సాగించారు. వారు తమ సేనలతో వెనుదిరిగితే మదీనా ఖర్జూర పంటలో మూడో వంతు వారికి ఇవ్వాలన్నది షరతు. ఇబ్నె ఇస్‌హాఖ్ సీరత్ ప్రకారం పత్రం రాయడం కూడా జరిగింది. సాక్ష్యాలు మాత్రం ఇంకా పడలేదు.

అక్కడ ఆగి దైవప్రవక్త (స) ఇద్దరిని పిలిపించారు. ఔస్ తెగ నాయకుడు సాద్ బిన్ ముఆజ్ (రజి), ఖజ్రజ్ తెగ నాయకుడు సాద్ బిన్ ఉబాదా (రజి). తోటలు వారి ప్రజలవి. ఆ ఇద్దరూ ముందుగా అడిగిన ప్రశ్న మనం ఎన్నిసార్లు తలచుకున్నా తక్కువే. ఇది అల్లాహ్ ఆజ్ఞా, లేక మా మేలు కోరి మీరు చేస్తున్న ఆలోచనా అని అడిగారు. ఆజ్ఞ అయితే శిరసావహిస్తామన్నారు. తమ కోసం చేస్తున్న ఆలోచన అని తెలిశాక, ఇస్లాం రాకముందే ఆ తెగలవారు కొని గానీ అతిథులుగా గానీ తప్ప మా ఖర్జూరం తినలేకపోయారు, ఇప్పుడు ఊరికే ఎలా ఇస్తామని నిరాకరించారు. దైవప్రవక్త (స) వారి మాట అంగీకరించారు. సాద్ బిన్ ముఆజ్ (రజి) ఆ పత్రం అందుకుని రాతను చెరిపేశారు.

ఆయన దైవప్రవక్త. ముట్టడిలో ఉన్న సేనకు నాయకుడు. అడగకుండా సంతకం చేసినా ఎదురుచెప్పేవారు లేరు. అయినా పంట ఎవరిదో వారిని అడిగారు. ముందుగా అడిగారు. కాదంటే ఒప్పుకున్నారు.

ఇప్పుడు మన కాలపు ఒక పత్రం చూద్దాం. 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మర్రకెష్ నగరంలో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంపై భారతదేశం సంతకం చేసింది. అంతకుముందు రెండేళ్లకు పైగా 'డంకెల్ ముసాయిదా' పేరు దేశమంతటా రైతు సభల్లో వినిపించింది. కొందరు భయంతో, కొందరు ఆశతో పలికిన పేరది. మన రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరిస్తే ఒక విచిత్రం కనబడుతుంది. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. కేంద్ర జాబితాలో 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలు చేయడం. అంకె ఒకటే, అధికారం చేతులు వేరు. పైగా 253వ అధికరణం ప్రకారం ఒప్పందం అమలుకు అవసరమైతే ఏ విషయం మీదనైనా పార్లమెంటు చట్టం చేయవచ్చు. కాబట్టి రాష్ట్రానికి చెందిన వ్యవసాయం ఒప్పందం దారిలో ఢిల్లీ చేతికి వెళుతుంది. సంతకానికి ముందు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి అని కూడా ఎక్కడా లేదు.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించదగినది. ఒప్పందం ప్రకారం మందులకు, పురుగుమందులకు పేటెంటు దరఖాస్తులు స్వీకరించే ఏర్పాటు చేయాలి. 1994 చివరి రోజున ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన బిల్లుకు 1995లో లోక్‌సభ ఆమోదం లభించింది, రాజ్యసభలో ఆగిపోయింది. ఆర్డినెన్సు గడువు తీరింది. అంటే ప్రజల ప్రతినిధులు ఔనని చెప్పలేదు. అమెరికా ఫిర్యాదు చేసింది. 1997 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు సంఘం భారతదేశానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 1999లో పార్లమెంటు పేటెంటు చట్టాన్ని సవరించింది.

హనఫీ ఫిఖ్హ్‌లో 'ఫుజూలీ' అనే మాట ఉంది. ఇతరుల సొత్తును అధికారం లేకుండా అమ్మేవాడు ఫుజూలీ. అతడు చేసిన బేరం వెంటనే రద్దు కాదు, వెంటనే చెల్లదు కూడా. అసలు యజమాని అనుమతించే దాకా అది నిలిచి ఉంటుంది. వకీలు సంగతి వేరు. అతనికి అధికారం ముందే ఇవ్వబడింది, దాని హద్దుల్లో అతడు చేసింది యజమానిని కట్టివేస్తుంది. ఎన్నికైన ప్రభుత్వం మనకు వకీలా, ఫుజూలీనా? మన అభిప్రాయంలో వకీలే, ఎందుకంటే ఓటు ఒక అధికారపత్రం. కానీ వకీలుకు ఇచ్చిన అధికారం దేనికి అన్న ప్రశ్న మిగులుతుంది. రోడ్డు కోసం, రేషను కోసం వేసిన ఓటులో విత్తనం మీద హక్కును వదులుకునే అనుమతి ఉందా? 1995లో రాజ్యసభ ఆపినప్పుడు ఆ అనుమతి ఇంకా రాలేదనే అర్థం. తర్వాత వచ్చిన అనుమతి మనస్ఫూర్తిగా ఇచ్చిందో, జరిమానా భయంతో ఇచ్చిందో పాఠకులు ఊహించుకోగలరు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. షరతులు చేదుగా ఉన్నాయని ఇచ్చిన మాట తప్పే అనుమతి మనకు లేదు. హుదైబియాలో సంధి షరతులు సహాబాలకు ఎంత బాధ కలిగించాయో తెలిసిందే. సంకెళ్లతో పారిపోయి వచ్చిన అబూ జందల్ (రజి)ను కూడా ఒప్పందం మేరకు తిరిగి పంపవలసి వచ్చింది. కాబట్టి ప్రజాస్వామ్యం పేరుతో, రేపు మా మనసు మారింది, సంతకం చెల్లదు అనడం ధర్మం కాదు. అందుకే అడగడం ముందుగా జరగాలి. సంతకం తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

చట్టసభ ఏమి చేయగలదో మన రాష్ట్రమే ఒకసారి చూపింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతుల ప్రాణాలు పోయిన సంగతి మరువని వారికి, పురుగును తట్టుకునే విత్తనం అంటే ఆశ పుట్టడం సహజమే. కానీ 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయలు దాటింది. అందులో పెద్ద భాగం మహికో మోన్‌శాంటో వసూలు చేసే రాయల్టీ. 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే కేంద్ర కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఆ ఏడాది మే నెలలో కమిషన్ రాయల్టీ తగ్గించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్రం ప్యాకెట్టు ధర 750 రూపాయలుగా నిర్ణయించింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే రాలేదు. ఇంతలో నిత్యావసర సరుకుల చట్టం సవరణలో పత్తి విత్తనం ఆ జాబితా నుంచి జారిపోయింది. రాష్ట్రం వెనక్కి తగ్గలేదు. ధర నిర్ణయించే అధికారం కోసం 2007లో సొంత చట్టమే చేసుకుంది. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ధర నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2020 నాటికి ఆ రాయల్టీ పూర్తిగా పోయింది.

ఇక్కడ ఒక ధర్మసందేహం వస్తుంది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధర కట్టమని కోరితే దైవప్రవక్త (స) నిరాకరించారని అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది కదా? ఉంది. బజారు సహజంగా నడిచేచోట వ్యాపారి చేయి పట్టుకోవడం కూడా అన్యాయమే. అయితే సరుకు చేతిలో ఉన్నవారు హద్దు మీరి దోచుకుంటూ, ధర కట్టడం తప్ప ప్రజల హక్కు కాపాడే దారి ఖాజీకి మిగలనప్పుడు, తెలిసినవారిని సంప్రదించి ధర కట్టవచ్చని 'హిదాయా' అనుమతిస్తుంది. ఇబ్నె తైమియా దీనిని ఇంకా విపులంగా చర్చించారు. బీటీ జన్యువు ఒక్కరి చేతిలో ఉన్న బజారు సహజంగా నడిచే బజారు కాదు. రాష్ట్రం చేసింది సరైనదేనని మా అభిప్రాయం. ధర కట్టాక కూడా గిరాకీ ఉన్న విత్తనం బ్లాకులో అమ్మిన మన చుట్టుపక్కల దుకాణదారుల లెక్క వేరే ఉంది. దానికి జెనీవాను నిందించలేము.

బయటి నుంచి వచ్చే నియమమంతా అన్యాయమేనా? ఎండోసల్ఫాన్ సంగతి చూడండి. పత్తి మీద, మిరప మీద మన వీపులకు ట్యాంకులు కట్టుకుని కొట్టిన మందే. కేరళలోని కాసర్‌గోడులో అది చేసిన హాని దేశమంతా చూసింది. 2011 ఏప్రిల్‌లో జెనీవాలో స్టాక్‌హోమ్ ఒడంబడిక సభ్యదేశాలు దానిని నిషేధ జాబితాలో చేర్చాయి. అక్కడ చివరిదాకా అడ్డుపడి, తర్వాత మినహాయింపులతో ఒప్పుకున్నది మనమే ఎన్నుకున్న ప్రభుత్వం. మే 13న సుప్రీంకోర్టు దేశంలో దాని తయారీ, అమ్మకం, వాడకం ఆపించింది. ఇక్కడ కూలివాడి ఊపిరి పక్షాన మాట్లాడింది బయటివారి ఒడంబడిక, మన న్యాయస్థానం. మన ఓటుతో గెలిచినవారు కంపెనీల మాట విన్నారు. కాబట్టి ఎన్నిక ఒక్కటే న్యాయానికి పూచీ అనుకోలేము. పంటవాడిని అడగడమంటే ఆ పంటలో పనిచేసి దగ్గేవాడిని కూడా అడగడమే.

అలాగే అంతర్జాతీయ చట్టం అందరికీ ఒకేలా పనిచేయదు. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ఫిర్యాదు చేసి గెలిచింది. 2014లో 30 కోట్ల డాలర్లు తీసుకుని రాజీపడింది. బదులుగా అమెరికా సరుకుల మీద దెబ్బ కొట్టే శక్తి బ్రెజిల్‌కు ఉంది. అదే సబ్సిడీల వల్ల నష్టపోయిన మాలీ, చాద్, బుర్కినా ఫాసో, బెనిన్ 2003లో కాన్‌కూన్ సమావేశంలో తమ మొర వినిపించాయి. ఆ దేశాల పత్తి రైతులలో ముస్లిములు అసంఖ్యాకులు. వారికి అలాంటి పరిహారం దక్కలేదు. 2019 డిసెంబరు నుంచి కొత్త సభ్యుల నియామకం లేక ఆ అప్పీలు సంఘమే మూతపడి ఉంది. బలహీనుడి హక్కు ఇప్పించేదాకా అతడే తన దృష్టిలో బలవంతుడన్న హజ్రత్ అబూబక్ర్ (రజి) తొలి ప్రసంగాన్ని మనం పిల్లలకు చెబుతాము. ఆ కొలతతో చూస్తే ఈ న్యాయం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.

చివరగా ఈ మధ్య జరిగినది. 2025 ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఎత్తివేసింది. ముందు సెప్టెంబరు 30 వరకు అన్నారు, తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన నెల అది. నూలు మిల్లులకు, బట్టల కర్మాగారాలకు చవక పత్తి కావాలి. అక్కడ కుట్టేవారూ పేదలే, వారి కష్టం అబద్ధం కాదు. కానీ ఆనాటికి మన చేలల్లో పత్తి ఎదిగి ఉంది. కౌలు మాట్లాడుకున్నది, అప్పు తెచ్చుకున్నది 11 శాతం సుంకం ఉంటుందన్న లెక్క మీద. దానికి బిల్లు అక్కరలేదు, చర్చ అక్కరలేదు, ఒక నోటిఫికేషన్ చాలింది. అత్యవసరం అన్నారు. శత్రువు కందకం అవతల నిలబడి ఉన్నప్పుడు కూడా ఇద్దరు సాద్‌లను పిలిపించి అడగడానికి సమయం దొరికింది.

2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందంపై సంతకాలు జరిగాయి. ఇలాంటివి ఇంకా వస్తాయి. ఓటు అడగడానికి మన గడపకు వచ్చేవారిని పింఛను, ఇంటి స్థలంతోపాటు ఇది కూడా అడగాలి: మా పంట మీద రాసే కాగితాన్ని, సాక్ష్యాలు పడకముందు, తెలుగులో మా గ్రామసభకు పంపిస్తారా?