దయ్యము దగ్గునా?

ధ్యాన భాగములు: మార్కు 5:1–20, లూకా 24:36–43, 2 సమూయేలు 21:8–14



గడచిన వేసవిలో అంగళ్లు చుట్టుపట్ల సంఘముల యౌవనస్థులు కొందరు బందరు పోయి వచ్చిరి. సముద్రము చూడనివారికి సముద్రము చూపవలెనని మేమే వారిని పంపితిమి. తిరిగి వచ్చినవారు అలల సంగతి రెండు మాటలలో ముగించి, దయ్యముల సంగతి రెండు రాత్రులు చెప్పిరి. పాడుపడిన కోటలో పొద్దు గూకిన తరువాత ఎవరును నిలువరట. దొరల గోరీల మధ్య తెల్లని దొరసాని తిరుగునట. తుపానులో పోయినవారి ఏడ్పు గాలిలో వినబడునట. ఈ మాటలు వినిన పిల్లలు ఆ వారమంతయు సాయంకాల కూడికకు చింతమాను దారిని రాక, రోడ్డు వెంబడి చుట్టు తిరిగి వచ్చిరి. పిల్లలే కాదు, పెద్దలలోను కొందరు అట్లే వచ్చిరి. అందుచేత ఈ నెల ఈ సంగతినే మీ యెదుట ఉంచుచున్నాము.

మచిలీపట్టణమునకే బందరని పేరు. బందరనగా ఓడరేవు. వలందులనబడిన డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అక్కడికి వర్తకమునకు వచ్చిరి. తరువాత పరాసులును వచ్చిరి. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను పేటల పేర్లు నేటికిని వారిని తలపించుచున్నవి. ధనము కొరకు వచ్చిన ఆ మనుష్యులలో అనేకులు జ్వరములచేత అక్కడనే పోయిరి. వలందుల శ్మశానములో మూడువందల ఏండ్లు దాటిన రాతి పలకలు ఇప్పటికిని ఉన్నవి. వాటిమీద పేర్లును వంశచిహ్నములును చెక్కియున్నవి గాని, ఆ పేర్లు చదువగల బంధువులు ఆ ఊరిలో లేరు. చదువరానివారికి అవి భయము పుట్టించు రాళ్లే.

ఆ పట్టణములోని సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా రాబిన్సను అను స్త్రీ సమాధి యున్నది. ఆమె 1809లో చనిపోయెను. ఆమెను ప్రేమించిన జాన్ పేటర్ అను సైనికాధికారి, శ్మశానములో ఆమెకు చోటు దొరకనందున, స్థలము కొని ఆమె సమాధిమీదనే గుడి కట్టించెనని చెప్పుకొందురు. ఆమె దేహమును చెడకుండ మందులు పూసి అద్దపు పెట్టెలో ఉంచెననియు, తనకు చూడవలెనని తోచినప్పుడెల్ల పెట్టెను పైకి లేపించి చూచుకొనెననియు కథ. కథలో ఎంత నిజమో ఎంత కల్పనో గాని, దాని అడుగున ఉన్నది దయ్యము కాదు, ఒక మనుష్యుని తీరని దుఃఖము. ప్రియమైన వారిని మంటికి అప్పగింపలేని మనస్సు అది. మనలో ఎవరికి ఆ మనస్సు తెలియదు?

ఇక గాలిలో వినబడు ఏడ్పు సంగతి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో సముద్రము ఉప్పొంగి బందరుమీద పడెను. సుమారు 30,000 మంది నశించిరి. మిషను బాలికల బడిలోని పిల్లలును ఆ నీటిలో కొట్టుకొనిపోయిరి. ఆ తరువాత ఇంగ్లీషువారు అక్కడినుండి తమ దండును తీసివేసిరి; కోట పాడుపడెను. మరల 1977 నవంబరు 19వ తేదీన దగ్గరనున్న దివిసీమలో ఉప్పెన వచ్చి పదివేలమంది ప్రాణములు తీసెను. ఏడ్చుటకు ఇంటిలో ఒక్కరును మిగులని కుటుంబములు, పేరు తెలియకుండ ఒక్క గోతిలో పూడ్చబడినవారు, అసలే దొరకనివారు ఎందరో! అట్టి చోట గాలి వీచినప్పుడు ఏడ్పు వినబడుట వింత కాదు. ఏడ్వవలసినంత ఏడ్వని నేల అది.

అదే బందరు మంటిలో రాబర్టు నోబులు దొరగారి ఎముకలును ఉన్నవి. ఆయన 1841లో వచ్చి, 1843లో బడి పెట్టి, స్వదేశమునకు మరల పోకుండనే 1865లో అక్కడ కన్నుమూసెను. ఆయన దయ్యమై తిరిగెనని మేము ఎవరి నోటను వినలేదు. ఎందుకనగా ఆయన చదువు చెప్పినవారు ఆయనను తలచుకొనిరి. ప్రియులారా, జ్ఞాపకము పోయిన చోటనే దయ్యము కాపురము పెట్టును.

దురాత్మలు లేవని మేము చెప్పుటలేదు. లేఖనము అట్లు చెప్పదు. చచ్చినవారియొద్ద సోదె అడుగుట మనకు నిషేధింపబడినది. అయితే మన ప్రభువు సమాధుల చోటికి పోయినప్పుడు ఏమి చేసెనో చూడుడి. గెరాసేనుల దేశములో ఒకడు సమాధులలో కేకలు వేయుచు తిరుగుచుండెను. ఊరివారికి అతడు సంకెళ్లు వేయదగిన భయము మాత్రమే. యేసు అతని పేరు అడిగెను. స్వస్థపరచి, ఇంటికి నీవారియొద్దకు పొమ్మని పంపెను. తిరిగి లేచిన దినమున శిష్యులు ఆయననే భూతమనుకొని వణకిరి. ఆయన చేతులు కాళ్లు చూపి, తినుటకేమైన ఉన్నదా అని అడిగి, కాల్చిన చేప వారియెదుట తినెను. భయపడినవారికి ఆయన ఇచ్చిన రుజువు ఆకలియే.

రిస్పాను మరువకుడి. ఉరితీయబడిన ఏడుగురి దేహముల దగ్గర, కోతకాలము మొదలుకొని వాన కురియువరకు, గోనెపట్ట పరచుకొని ఆమె కావలి కాచెను. పగలు పక్షులను, రాత్రి మృగములను తోలెను. ఎవరైన ఆ గుట్టమీద రాత్రివేళ ఆమె ఆకారమును చూచి దయ్యమని పరుగెత్తిరేమో! దావీదు ఆ సంగతి విని, ఎముకలను సమకూర్చి పాతిపెట్టించిన తరువాతనే దేశముకొరకైన మనవి ఆలకింపబడెను.

ఇప్పుడు మా తప్పు ఒప్పుకొనవలెను. కొన్ని ఏండ్ల క్రిందట అంగళ్లు దాపున ఒక పల్లెలో మన సంఘపు మనుష్యుడు క్షయతో చనిపోయెను. భార్య పిల్లలను తీసికొని పుంగనూరులోని పుట్టింటికి పోయెను. అతని ముసలి తల్లియు వెంట పోయెనని అందరమును అనుకొంటిమి. ఇల్లు మూతపడెను. కొన్నాళ్లకు రాత్రివేళ ఆ ఇంటిలో దగ్గు వినబడుచున్నదనియు, తెల్లచీర ఆకారము బాయి దగ్గర కనబడినదనియు ఊరంతయు చెప్పుకొనిరి. చచ్చినవాడు దగ్గుచున్నాడని తలుపులు వేసికొనిరి. మేము ఏమి చేసితిమి? ప్రార్థన చేసితిమి గాని ఆ వీధిలోనికి పోలేదు. పదకొండు రాత్రులు పోలేదు.

పండ్రెండవ నాడు స్త్రీల సమాజపు తల్లి ఒకరు లాంతరు తీసికొని మాయొద్దకు వచ్చి, “దయ్యం దగ్గుతుందా అయ్యగారూ? దగ్గల్లంటే ఊపిరుండల్ల గదా!” అనిరి. మేము సిగ్గుతో వెంట పోతిమి. వెనుక కొట్టములో ఆ ముసలి అవ్వ పడియుండెను. కొడుకు పోయిన ఇల్లు విడిచి ఉండలేక ఒంటిగా తిరిగి వచ్చెనట. కొడుకు జబ్బునాడు పగలు బాయి ముట్టవద్దని ఇరుగుపొరుగువారు అన్న మాట మనస్సులో పెట్టుకొని రాత్రివేళ నీళ్లు తెచ్చుకొనెనట. మా అడుగుల చప్పుడు విని ఆమె అడిగిన మాట, “ఎవురూ? మనుషులేనా?”

ఆ ప్రశ్న మమ్మును ఇంకను విడువలేదు.

ఆమెకును ఆ జబ్బే అంటియుండెను. ఆరు నెలలు విడువక మందు మింగి బాగుపడెను. మనము ఎక్కడ నివసించుచున్నామో ఆలోచించుడి. మదనపల్లె దాపున ఆరోగ్యవరములో పలు మిషనులు కలిసి 1915లో క్షయరోగులకు ఆసుపత్రి తెరచిరి. డాక్టరు ఫ్రిమోట్ మోలరుగారు అక్కడ సేవచేసిరి. మన దేశములో బి.సి.జి. టీకా వేయుట 1948లో మదనపల్లెలోనే ఆరంభమైన వాటిలో ఒకటి. ఇంత వెలుగు పక్కన ఉండగా, దగ్గు విని దయ్యమని తలుపు వేసికొనుట మనకు తగునా?

కాబట్టి మూడు పనులు చేయుదము. మన శ్మశానములో ముండ్లు కొట్టి, ప్రతి గోరీమీది పేరును పిల్లలచేత బిగ్గరగా చదివింతము. పేరు లేనివాటికి పెద్దలు పేర్లు చెప్పవలెను. రెండు వారములు దాటిన దగ్గు గలవారిని తాయెత్తు కట్టువానియొద్దకు కాక, సర్కారు ఆసుపత్రికి గళ్ల పరీక్షకు తీసికొనిపోదము. మందులు అక్కడ ఉచితము. ఊరు భయపడు ఇంటికి ఇద్దరిద్దరుగా పోయి, కొంచెము సంగటి తీసికొని, తలుపు తట్టుదము. చింతమాను దారిని కూడికకు వచ్చుట ఆ మీదట మీకు కష్టము కాదు.

ప్రార్థన: సమాధిని జయించిన ప్రభువా, మేము మరచినవారిని నీవు పేరు పేరున ఎరుగుదువు. సముద్రము మింగినవారును నీ చేతిలోనే ఉన్నారు. మా ఇరుగుపొరుగున బ్రతికియుండియు చచ్చినవారివలె ఎంచబడుచున్నవారిని మాకు చూపుము. వారు ఎవరని అడిగినప్పుడు, మనుష్యులమే అని చెప్పగల ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.