దేవకీదేవికి దొరకని భాగ్యము

ఆశ్రమములు నాలుగింటిలో గృహస్థాశ్రమమే తక్కిన మూడింటికి ఆధారమని మనుస్మృతి చెప్పుచున్నది. ఆ గృహస్థును నిలుపునది ఏది? ఇంటిలో ప్రాకుచు, పడుచు, మరల లేచుచు, బోసినోటితో నవ్వు పసిబిడ్డయే గదా! ఉపనిషత్తులు వెదకుచున్న పరతత్త్వమును శ్రీమద్భాగవతము ఒక గొల్లయింటి ముంగిట దుమ్ములో ఆడుకొను బిడ్డగా చూపినది. ఆ బిడ్డను రోటికి కట్టి మరీ చూపినది. కనుక బిడ్డల పెంపకము భక్తికి అడ్డమని వైష్ణవ గృహములలో ఎవ్వరును తలపరాదు. అది భక్తికి తొలి పాఠశాల.

విజయనగర కాలపు మాధవరాయస్వామి ఆలయముగల గోరంట్ల చిత్రావతీ పరీవాహమందలి ఊరు. నంది కొండల ప్రాంతమున పుట్టి పెన్నలో కలియు ఆ నదిలో ఏడాదిలో అధికభాగము ఇసుకయే కనబడును. తరతరములుగా అనంతపురము జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మెట్టసీమలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. ఆ కొంచెమును అదనున పడదు. వేరుసెనగ ఊడ దిగువేళ మబ్బు మొగము చాటువేసిన ఏట ఇంటి లెక్కలన్నియు తారుమారగును.

అయినను బిడ్డ పుట్టిన యింట పండుగ ఆగదు. దూలమునకు పాతచీరతో ఉయ్యాల కట్టుదురు. అవ్వ దాచియుంచిన ఉగ్గుగిన్నె వెలికి వచ్చును. రాగిసంకటి చల్లార్చి వ్రేలికొనతో నాలుకకు రాచి, బిడ్డ మొగము చిట్లించుకొనగా ఇల్లంతయు నవ్వును. కదిరి నరసింహునికి మ్రొక్కుకొనగా పుట్టినవాడు కదిరప్ప యగును. ఏడుకొండలవానికి మ్రొక్కుకొనగా పుట్టినవాడు వేంకటేశు డగును. పుట్టు వెండ్రుకలు స్వామికి సమర్పించువరకు ఆ తలకు కత్తెర తగులనీయరు. ధాన్యపు గాదె ఖాళీగా ఉన్న ఏడును ఈ వేడుకలలో ఏదియు తగ్గదు.

ఇట్టి ఇండ్లలోని తల్లులు, పురాణము ముగిసి అందరును లేచిన పిమ్మట వెనుకబడి నిలిచి, మెల్లగా రెండు ప్రశ్నలు అడుగుచుందురు. "పసివానిని విడిచి కూలికి పోవుచున్నాను స్వామీ, నాకు పాపము తగులునా?" అనునది మొదటిది. "బిడ్డ పోయినాడు. ఏడువరాదని అందరును చెప్పుచున్నారు. నేను ఏడ్చిన భగవంతునికి అపచారమగునా?" అనునది రెండవది. ఈ రెండును అల్పమైన ప్రశ్నలు కావు. రెండింటికిని భాగవతమే సమాధానము చెప్పుచున్నది.

మొదటి దానికి దామోదరలీలను చూడుడు. ఆ దినమున దాసీజనము వేరు పనులలో ఉండగా యశోద తానే పెరుగు చిలుకుచున్నది. బిడ్డ వచ్చి కవ్వము పట్టుకొని పాలకై మారాము చేసెను. ఆమె ఒడిలోనికి తీసికొని పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగెను. బిడ్డకు ఇంకను ఆకలి తీరలేదు. అయినను అతనిని దించి ఆమె పొయ్యి వద్దకు పరుగెత్తెను. సాక్షాత్తు పరమాత్మనే ఒడినుండి దించి పాలు కాపాడబోయిన తల్లిని శుకమహర్షి ఒక్క మాటయైనను నిందింపలేదు. ఆ పాలును ఆ బిడ్డ కొఱకే గదా! అలిగిన బాలుడు కుండ పగులగొట్టెను. వెన్న తీసి కోతులకు పెట్టెను. తల్లి బెత్తముతో వెంబడించినది గాని, వాని కన్నులలో భయము చూచినంతనే బెత్తము పారవైచినది. కట్టబోగా త్రాడు రెండంగుళములు తక్కువయ్యెను. ఎన్ని త్రాళ్లు ముడివేసినను ఆ రెండంగుళములే తక్కువ. తుదకు తల్లికి చెమట పట్టుట, కొప్పులోని పూలు జారుట చూచి, జాలిగొని ఆయన తానే కట్టుబడెను. ఆ రెండంగుళములలో ఒకటి జీవుని ప్రయత్నము, రెండవది భగవంతుని కృప యని పెద్దలు వ్యాఖ్యానింతురు.

కావున తల్లులారా! బిడ్డకై పడు శ్రమ ఆయన గణనలో చేరును. యోగులకు పట్టుబడనివాడు తల్లి చెమటకు పట్టుబడినాడు. బిడ్డ కడుపు నింపుటకు గంప నెత్తిన పెట్టుకొని పోవు తల్లి పాలు పొంగగా పరుగెత్తిన యశోదయే యగుచున్నది.

ఇక దేవకి మాట. ఆళ్వారులలో కులశేఖరుడు చేరదేశపు ప్రభువు. తిరుమల ఆనందనిలయమున గర్భాలయపు గడప ఆయన పేరనే కులశేఖరపడి యని నేటికిని పిలువబడుచున్నది. ఆ మహనీయుని పెరుమాళ్ తిరుమొళిలో ఏడవ దశకము దేవకీదేవి విలాపము. ఎనిమిదవది శ్రీరామునికి పాడిన లాలి. తొమ్మిదవది రాముడు అడవికేగగా దశరథుడు పడిన శోకము. సింహాసనమెక్కిన రాజు తన భక్తిని వెల్లడించుటకు ఇద్దరు తల్లుల గొంతును, ఒక తండ్రి గొంతును ఎన్నుకొనుట గమనింపదగినది.

ఆ దేవకి దేనికై దుఃఖించుచున్నది? కుమారుడు బ్రతికియే యున్నాడు, కంసుని వధించినాడు, లోకమంతయు ఆయనను కీర్తించుచున్నది. అయినను ఆమెకు కొఱత తీరలేదు. ఉయ్యాల యూపి జోలపాడు భాగ్యము తనకు లేకపోయెనని, వాడు వెన్న తినుట, దొరికిపోయి బెదరుట చూచిన ఆనందపు మేరను యశోదయే పొందెనని ఆమె పరితపించును. పరమాత్మను కన్నతల్లి కోరి పొందలేని భాగ్యము, మన యింటిలో ప్రతిదినము అన్నపు మెతుకులు చల్లుచు, సుద్దతో గోడలు ఖరాబు చేయుచు తిరుగుచున్నది. మనము దానిని విసుగుకొనుచున్నాము! ఆ విసుగు వచ్చినపుడెల్ల దేవకిని తలచుకొనవలెను.

పంట దక్కని ఏట ఈ సీమనుండి వయసులోనున్న దంపతులు బెంగుళూరునకు పనులు వెదకుకొని పోవుట అందరును ఎరిగినదే. బిడ్డలు అవ్వతాతల చేతిలో ఉందురు. తొలి అడుగు అవ్వ చూచును. తల్లికి టెలిఫోనులో వార్త చేరును. ఇట్టి ఇంటిలో తల్లి దేవకి, అవ్వ యశోద. దేవకి తల్లితనమునకు లోపము లేదు. యశోద పెంపకమునకు తక్కువ లేదు. వాసుదేవుడనియు, యశోదానందనుడనియు ఇరువంకల పేర్లను ధరించుటకు స్వామి సంతోషించెను గాని ఒకదానిని వదలుకొనలేదు. కావున "నిన్ను విడిచిపోయినారు" అని బిడ్డ ముందర అవ్వలు అనరాదు. "నీ కొఱకు పోయినారు" అనవలెను. పోయినవారును డబ్బు పంపుటతో పని తీరెననుకొనక, పండుగకు వచ్చి, నాలుగు రోజులుండి, స్వయముగా అన్నము కలిపి పెట్టవలెను.

రెండవ ప్రశ్న కఠినమైనది. రెండేండ్లు నిండని బిడ్డ పోయినచో దహనము లేదు, ఉదకదానము లేదు, ఖననమే విధియని స్మృతి వచనము. క్రియ స్వల్పము కనుక దుఃఖమును స్వల్పముగానే ఉండవలెనని కొందరు తలపోయుచున్నారు. ఇది సరికాదు. బాలునికి తీర్పవలసిన కర్మబంధము లేదు గనుక క్రియ తగ్గినది. తల్లి దుఃఖమును ఏ స్మృతియు అంగుళములతో కొలువలేదు.

భాగవతము ఆఱవ స్కంధమున చిత్రకేతూపాఖ్యానము కలదు. శూరసేన దేశాధిపతియగు ఆ రాజునకు భార్యలు ఎందరో యున్నను సంతతి లేదు. అంగిరసుడు వచ్చి, ఆ రాజు మనసున బిడ్డ కోరికయే నిండియుండుట గ్రహించి, పట్టపురాణి కృతద్యుతికి పుత్రుని అనుగ్రహించెను. ఆ బిడ్డ హర్షమును, శోకమును రెండింటిని ఇచ్చునని ముందుగనే చెప్పెను. సవతులు అసూయచే విషమిడగా బాలుడు మృతినొందెను. అప్పుడు కృతద్యుతి సృష్టికర్తనే తెలివిమాలినవాడవని దూషించినది! ముసలివారుండగా పసివానిని కొనిపోవు నీది ఏమి క్రమమని అడిగినది. వ్యాసమహర్షి ఆ నిందను కప్పిపుచ్చలేదు; తన గ్రంథమున స్థానమిచ్చెను. అటుపిమ్మట వచ్చిన అంగిరసుడు గాని నారదుడు గాని ఆ మాటకై ఆమెను మందలింపలేదు, శపింపలేదు. ఏడుపు అపచారమగునా యను ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానమేమి కావలెను?

నారదుడు ఆ బాలుని జీవుని పిలువగా, ఏ జన్మమున వీరు నాకు తల్లిదండ్రులని ఆ జీవుడే ప్రశ్నించెను. ఆ మాట వినిన పిమ్మట వారి మోహము సడలెను. ఇచట ఒక మర్మము కలదు. "ఎవరికి ఎవరు?" అను మాట ఆ బిడ్డ నోటనే వచ్చినది. దానిని పలుకుటకు అర్హుడు అతడొక్కడే. గడపలో నిలిచిన ఇరుగుపొరుగువారు తల్లితో ఆ మాట అనుటకు అధికారులు కారు. "నీ పూర్వకర్మ" అనుట అంతకంటెను క్రూరము. వారు చేయవలసినది వేరే యున్నది. ఆ యింట పొయ్యి వెలుగని దినములలో అన్నము వండి తెచ్చిపెట్టుట, మిగిలిన బిడ్డలను తమ యింటికి తీసికొనిపోయి ఆడించుట, మాటలాడక ప్రక్కన కూర్చుండుట. నెల గడచిన పిమ్మట ఆ బిడ్డ పేరును ప్రేమతో తలచుట మరువరాదు. పేరెత్తకుండుట ఓదార్పని లోకము భావించును గాని, తల్లికి అది రెండవ మరణము.

దేవకికిని ఇట్టి శోకమే కలదు. కంసునిచే హతులైన ఆర్వురు కుమారులను ఆమె ఎన్నడును మరువలేదు. గురువైన సాందీపని పుత్రుని మృత్యువునుండి తెచ్చియిచ్చితివట, నా బిడ్డలను ఒక్కసారి చూపుమని ఆమె రామకృష్ణులను అడిగెను. అప్పటికి ఎన్నియో ఏండ్లు గడచినవి. గీత చెప్పిన స్వామి తల్లికి అచట గీత చెప్పలేదు! అన్నతో కూడి సుతలమునకు పోయి, బలిచక్రవర్తి యొద్దనుండి ఆర్వురను తెచ్చి ఆమె ఒడిలో ఉంచెను. ఆమె వారిని మూర్కొని, ఒడి చేర్చి, పాలిచ్చినది. ఆ పాలు త్రాగి వారు శాపవిముక్తులై దివ్యలోకమునకు పోయిరి. భగవంతుని తల్లికైనను పోయిన బిడ్డలు మరల ఇంట నిలువలేదు. కాని వారు ఎక్కడ ఉన్నారో, ఎవరి రక్షణలో ఉన్నారో ఆమె కన్నులార చూచినది. మనకు ఆ దర్శనము లేదు. ఆ విశ్వాసము మాత్రము కలదు. శరణాగతుడగుట యన నొప్పి లేకుండుట కాదు, ఆ నొప్పితోనే ఆయన పాదములయొద్ద కూర్చుండుట.

అయితే అంతయు ఆయనకే వదలి కూర్చుండుట భక్తి కాదు. పూతన చచ్చిన పిమ్మట గోపికలు గోపుచ్ఛమును త్రిప్పి, గోధూళి నలది, ద్వాదశనామములతో బాలకృష్ణుని అంగాంగములకు రక్ష కట్టిరి. రక్షకునికే రక్ష కట్టిన జాతి మనది! నేటి రక్షలను విడువరాదు. 1971లో మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది తొలి యేడు నిండకయే పోయిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28 అయినది. ఆ 1971లోనే బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున కలరా చెలరేగగా, డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, సోడాఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి ఎందరి ప్రాణములనో నిలిపెను. బిడ్డకు విరేచనములు పట్టినపుడు నీరు మాన్పింపరాదు. పొట్లము దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు వైద్యుని యొద్దకు కొనిపోవలెను. టీకాల దినము తప్పరాదు. వానకై త్రవ్విన సేద్యపుకుంటలకు కంచె వేయవలెను. నీటికై మొగము వాచిన సీమలో బిడ్డ నీట మునిగి పోవుటకంటె విషాదమేమున్నది?

కదిరిలో ఖాద్రీ నరసింహుని చెంత ప్రహ్లాదుడు నిలిచియుండుట యాత్రికులు చూచినదే. అంతటి ఉగ్రమూర్తియు ఒక పసివానిని ప్రక్కన నిలుపుకొన్నాడు. ఒడిలో బిడ్డ ఉన్నవారు ఆ బిడ్డను ఎత్తి ఆయనకు చూపుడు. ఒడి ఖాళీయైనవారు ఆ ప్రహ్లాదుని వంక చూడుడు. రేపు తెల్లవారగనే పొయ్యిమీద పాలు పొంగును, బిడ్డ ఏడ్చును, పనికి వేళ మించును. ఆ తొందరలో ఒక్క క్షణము నిలిచి బిడ్డ తల నిమురుడు. దేవకి కోరి పొందలేనిది అదియే.