కొలిమి ముందు వంతు

జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో ఒక తాత ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చి, ఒక చిన్న ఫౌండ్రీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మనవరాలు నర్సు. అది 2021 ఏప్రిల్. ఊరి ఉక్కు కర్మాగారం ఆక్సిజన్ రైలెక్కి దూరాభారం పోతున్న రోజులు.

ఒక పొద్దున ఆ పిల్ల నైట్ డ్యూటీ దిగి, పెరట్లోనే స్నానం చేసి అరుగు మీద కూలబడింది. ముక్కు మీద మాస్కు కోసిన ఎర్రటి గీత. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

"ఏటే గుంటా, తినవేటి?"

"రాత్రి ఒకాయనకి కొడుకుతో వీడియో కాల్ కలిపాను తాతా. ఫోన్ నేనే పట్టుకున్నాను. ఆయన పోయాక కూడా కొడుకు 'నాన్నా, నాన్నా' అంటూనే ఉన్నాడు. కట్ చెయ్యడానికి చెయ్యి రాలేదు."

"అక్కడెవరికైనా చెప్పుకోలేవేటి?"

"మనసు బాగోకపోతే ఫోన్ చెయ్యమని గోడకి నంబరంటించారు. చేస్తే పిరికిదంటారని ఎవరూ చెయ్యరు."

"మా ఫౌండ్రీలోనూ మొదట అంతే. సెగకి ఆగలేనోడు చెయ్యెత్తితే ఇంకోడొచ్చేవోడు. ఒక్కడూ ఎత్తేవోడు కాదు. మా ఊరి వస్తాదొకడు అలాగే నిలబడి, ఒకనాడు గరిటతో సహా తూలిపోనాడు. కరిగిన ఇనుము పక్కోడి కాళ్ల మీద ఒలికింది. అప్పుడు మేస్త్రి చెయ్యెత్తడమే తీసేసినాడు. గంట కొడితే లోపలోడు బయటికి రావాల్సిందే, ఉప్పేసిన మజ్జిగ తాగి కూకోవాల్సిందే. బలమున్నోడికీ అదే, లేనోడికీ అదే."

ఈ మాట వార్డు ఇన్‌చార్జి సిస్టర్ చెవిన పడింది. మరుసటి వారం డ్యూటీ చార్టులో కొత్త గడి వచ్చింది: కోవిడ్ వార్డు దిగగానే అరగంట పక్కగదిలో కూర్చోవాలి. అందరి పేర్లూ ఉన్నాయి. రెండ్రోజులు టీ తాగి లేచిపోయారు. మూడోనాడు ముందుగా ఏడ్చింది ఇన్‌చార్జి సిస్టరే. చావులు తగ్గలేదు. మనవరాలు మాత్రం ఇంటికొచ్చి మునుపటిలా తాతతో పోట్లాడటం మొదలుపెట్టింది.

నీతి: అడిగితేనే ఇస్తామన్న ఆసరా, అది అందరికన్నా ఎక్కువ కావలసినవాడికే అందదు.

కోవిడ్ వేళ వైద్య సిబ్బందికి మెచ్చుకోలుగా 2020 మార్చి 22న మనం కంచాలు మోగించాం. మే 3న ఆస్పత్రుల మీద హెలికాప్టర్లు పూలు చల్లాయి. విధుల్లో కోవిడ్‌తో పోయిన వైద్య సిబ్బంది కుటుంబానికి కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది. అవసరమే, కానీ అది పోయినవారి లెక్క. బతికి, మర్నాడు మళ్లీ పీపీఈ కిట్టు తొడుక్కునేవారి సంగతి? 2022 అక్టోబరు 10న మానసిక సాయం అందించే ఫోన్ సేవ టెలీ మానస్ మొదలైంది. 14416కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు. మంచిదే, కాదనను. అయితే ఆ తాత ఉన్న జంషెడ్‌పూర్‌లోనే టాటా ఉక్కు కర్మాగారం 1912లో, చట్టం చెప్పకముందే, ఎనిమిది గంటల పనిదినం పెట్టింది. అలిసిపోయానని ఒప్పుకున్నవాడికే అని షరతు పెట్టలేదు.

ఆస్పత్రులు నడిపే పెద్దలారా, నంబరును గోడ మీద ఉండనివ్వండి. అరగంటను మాత్రం డ్యూటీ చార్టులో రాయండి. మొదటి పేరుగా మీ పేరే రాయండి.