లెక్క అడిగినవాడు

2009లో విడిపోయిన ఒయాసిస్ అన్నదమ్ములు 2025లో మళ్లీ ఒకే స్టేజీ ఎక్కితే మా ఆఫీసులో పండగ చేసుకున్నారు. కొత్త పాటలెప్పుడని అప్పుడే అడగడం మొదలు. నాకు మాత్రం బాలు, ఇళయరాజా గుర్తొచ్చారు. మనకు వాళ్లిద్దరూ ఒక బ్యాండ్ కిందే లెక్క. అసలు 1960ల చివర్లో మద్రాసులో బాలు నడిపిన ఆర్కెస్ట్రాలో ఇళయరాజా వాయించేవారు కూడా.

2017లో బాలు అమెరికా టూర్‌లో ఉండగా, అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని రాజా లీగల్ నోటీసు పంపించారు. అందరిలాగే నేనూ బాలు పక్షం. స్నేహితుడికి నోటీసేంటి, అంత డబ్బు పిచ్చా అనేశాను. అలా అంటున్నప్పుడు మా కీబోర్డువాడు ఎందుకు గుర్తు రాలేదో!

మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మాదొక నలుగురి ఆర్కెస్ట్రా. పుంగనూరులో ఒక పెళ్లికి వాయించి వస్తుంటే వాడు వాటా కాస్త ఎక్కువ అడిగాడు. కీబోర్డు వాడిది, కంతులు కట్టేది వాడే, బిట్లన్నీ విని పట్టుకుని మాకు నేర్పేదీ వాడే. "ఫ్రెండ్స్ మధ్య లెక్కలేంది రా" అన్నది నేను. వినడానికి ఎంత బాగుంటుందో ఆ మాట. లాభం ఉన్నవాడి నోట ఇంకా బాగుంటుంది. వాడు కుప్పం వెళ్లిపోయాడు. మళ్లీ మాట్లాడలేదు.

2019లో చెన్నైలో బాలు, రాజా ఒకే వేదిక మీద కలిశారు. తర్వాత 'తమిళరసన్' సినిమాకి రాజా చేసిన కొత్త పాట బాలు పాడారు. 2023లో ఆ సినిమా విడుదలయ్యేసరికి బాలు పోయి రెండున్నరేళ్లు. నిజం చెప్తే ఆ పాట నేను ఒక్కసారే విన్నాను. నాకు కావాల్సింది కొత్త పాట కాదు, పాతవి వింటుంటే గుచ్చుకోకుండా ఉండటం. వాళ్లు కలిసిపోతే నా పని అయిపోయింది. కానీ అడిగింది న్యాయమా కాదా అనేది కౌగిలింతతో తేలదు కదా. (నిర్మాత డబ్బు పెట్టాక అంతా స్వరకర్తదే అనడమూ నాకు పూర్తిగా మింగుడుపడదు. నేను రాసే కోడ్ మీద నాకేం హక్కుంది?) అడగడమే ద్రోహం అన్నట్టు మాట్లాడాం చూడండి, తప్పంతా అక్కడ.

ఈ మధ్య మిగతా ఇద్దరూ ఫోన్ చేశారు. మళ్లీ కలిసి రెండు సొంత పాటలు రికార్డు చేద్దామని, వాడిని నువ్వే అడగాలని. పోయిన శనివారం పుంగనూరు మీదుగా కుప్పం వెళ్లాను. వాడు కాఫీ ఇచ్చి అంతా విన్నాడు.

"చేద్దాంలే. ముందు వాటా సంగతి చెప్పు."

"నువ్వే చెప్పు."

"ఆ పుంగనూరు పెళ్లిది కూడా కలిపి చెప్పనా?"

నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. కలపమన్నాను.