లేకుండుటయు తెలియకుండుటయు

ఒక మనుష్యుని విద్యను గూర్చి మఱియొకడు చెప్పగల మాటలు మూడు విధములు. "ఇతనికి వచ్చును" అనుట మొదటిది. "ఇతనికి రాదు" అనుట రెండవది. "వచ్చునో రాదో నాకు తెలియదు" అనుట మూడవది. మొదటి రెండు మాటలు పలుకుటకు పాండిత్యము చాలును. మూడవ మాట పలుకుటకు సత్యనిష్ఠ కావలయును. న్యాయస్థానమున నిలిచిన సాక్షి తాను చూడనిదానిని చూడలేదని చెప్పినచో వానిని గౌరవింతుము. చూడకయే "జరుగలేదు" అని చెప్పినచో కూటసాక్షి యందుము. విశ్వవిద్యాలయము విద్యార్థి కిచ్చు గ్రేడు కూడ నట్టి సాక్ష్యమే. అది యీ మూడు మాటలను వేర్వేఱుగ పలుకుచున్నదా, లేక కడపటి రెంటిని కలిపివేయుచున్నదా యని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట గ్రేడుల పుట్టుకను తెలిసికొందము. అవి యనాదిసిద్ధములు కావు. అమెరికాలోని యేల్ కళాశాలకు అధ్యక్షుడైన ఎజ్రా స్టైల్స్ 1785వ సంవత్సరమున పరీక్షకు వచ్చిన 58 మంది విద్యార్థులను నాలుగు లాటిను పేరులతో విభజించి దినచర్యలో వ్రాసికొనెను. ఉత్తములు 20 మంది, ద్వితీయోత్తములు 16 మంది, అంతకంటె తక్కువవారు 12 మంది, అధములు 10 మంది. అక్షరములతో గ్రేడులిచ్చు పద్ధతి 1897వ సంవత్సరమున మౌంట్ హోల్యోక్ అను స్త్రీల కళాశాలలో కానవచ్చుచున్నది. అచ్చట నూటికి 95 వచ్చినగాని "ఏ" లేదు, 75 రానిచో తప్పినట్లే. మన దేశమున 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయపు కాలమునుండి తరగతులే ప్రమాణము. మొదటి తరగతి, రెండవ తరగతి, మూడవ తరగతి యని జనులను పంక్తులుగా కూర్చుండబెట్టుట మన కేమియు క్రొత్త కాదు గనుక, ఈ పద్ధతి మన సంఘమున సులభముగనే వేళ్లుదన్నినది. తప్పినవాడు సైతము ఉద్యోగపు అర్జీలో "బి. ఏ. ఫెయిలు" అని వ్రాసికొనిన కాలమొకటి కలదు. నవ్వుదుముగాని, అందులో నొక సత్యము లేకపోలేదు: పరీక్ష తప్పినవాడు చదువనివాడు కాడని ఆ బీదవాడు లోకమునకు విన్నవించుకొనుచున్నాడు.

ఇప్పటి పద్ధతి వేఱు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా జనులు యు. జి. సి. అని వ్యవహరించునది, 2015వ సంవత్సరమున సూచించిన పదిపాయింట్ల పట్టికలో "ఓ" అను నక్షరమునకు 10, "ఏ ప్లస్"కు 9, "ఏ"కు 8, "బి ప్లస్"కు 7, "బి"కి 6, "సి"కి 5, కేవలము గట్టెక్కిన "పి"కి 4 పాయింట్లు. తప్పినవారి "ఎఫ్"కు సున్న. పరీక్షకు రానివారి "ఏబీ"కిని సున్న. ప్రతి విషయమునకు గల క్రెడిట్లతో ఈ పాయింట్లను గుణించి, మొత్తమును క్రెడిట్ల మొత్తముతో భాగించినచో సెమిస్టరు సగటు తేలును. మన విశ్వవిద్యాలయములు పెక్కింటిలో స్వల్పభేదములతో నడచుచున్న దిట్టి పద్ధతియే.

నూఱు మెట్ల మార్కులను విడిచి ఎనిమిది మెట్ల గ్రేడులను చేపట్టుటకు మంచి హేతువే కలదు. 1912వ సంవత్సరమున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అను నిద్దఱు విద్వాంసులు, ఉన్నత పాఠశాల విద్యార్థులు వ్రాసిన రెండు ఆంగ్ల సమాధానపత్రములకు ప్రతులు తీయించి, పెక్కు పాఠశాలల యుపాధ్యాయులచేత దిద్దించిరి. ఒక పత్రమునకు 64 మొదలు 98 వఱకును, రెండవదానికి 50 మొదలు 97 వఱకును మార్కులు వచ్చెను. ఆంగ్లము రుచిభేదమునకు తావిచ్చు విషయమని కొంద ఱనగా, మరుసటి యేడు రేఖాగణిత పత్రమును పంపిరి. దానికి 28 మొదలు 90కి పైబడిన మార్కులవఱకు వచ్చెను! పత్రమొకటే, మారినది దిద్దిన చేయి మాత్రమే. 71కిని 72కును గల భేదము విద్యార్థియం దున్నదో దిద్దినవారియం దున్నదో చెప్పుట కెవ్వరికిని వీలుకానప్పుడు, ఆ భేదమును చెప్పకుండుటయే ధర్మము. గ్రేడు అట్టి వినయమునుండి పుట్టినది.

కాని యీ వినయమును మనము నిలుపుకొనలేదు. ఎనిమిది మెట్లను మరల సగటు కట్టి 7.43 అనియు 7.44 అనియు దశాంశములకు దింపి వేయి మెట్లు చేసితిమి. అంతట నాగక ఆ సగటును తిరిగి శాతముగా మార్చుచున్నాము. అఖిల భారత సాంకేతిక విద్యామండలి పట్టిక ప్రకారము 7.75 సగటు 70 శాతమునకు సమానము. సగటునుండి అర తీసివేసి పదితో గుణింపవలెనను సూత్రము హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు నిబంధనలలో కలదు. దాని ప్రకార మదే సగటు 72.5 శాతమగును. తెలియదని మానిన లెక్కను తెలిసినట్లు మరల వేయుటకంటె వింత యేమున్నది?

అయినను ఇది చిన్న దోషము. పెద్ద దోషము ఆ రెండు సున్నలలో నున్నది.

ముగ్గురు విద్యార్థులను తలచుకొనుడు. సెమిస్టరునందు సమానమైన క్రెడిట్లు గల విషయము లైదు. మొదటివానికి ఒకదానిలో 8, తక్కిన నాలుగింటిలో ఏడేసి పాయింట్లు వచ్చినవి. రెండవవానికి నాలుగింటిలో తొమ్మిదేసి వచ్చి, అయిదవ విషయము వ్రాసియు తప్పినాడు. మూడవది యొక బాలిక. నాలుగింటిలో తొమ్మిదేసి వచ్చినవి, అయిదవ పరీక్షనాడు సన్నిపాతజ్వరముతో ఆసుపత్రిలో పడియున్నది. ముగ్గురి సగటును 7.2 మాత్రమే! మొదటివానికి అన్నియు మధ్యమముగ వచ్చును. రెండవవానికి ఒకటి రాదు. మూడవ యామెకు ఆ యొకటి వచ్చునో రాదో యెవ్వరికిని తెలియదు. పట్టికలోని యక్షరము "ఎఫ్" వేఱు, "ఏబీ" వేఱు అని నిజమే చెప్పినది. ప్రక్కనున్న యంకె ఆ నిజమును తుడిచివేసినది. లోక మక్షరమును చూడదు, అంకెనే చూచును. ఆమె తరువాత మరల వ్రాసి ఉత్తీర్ణురాలైనను, మొదటి యత్నముననే అన్నింటను గట్టెక్కినవారికి గాని డిస్టింక్షను, ర్యాంకు లేవను నిబంధన యున్నచోట ఆ జ్వరము పట్టాపైకి కూడ నెక్కును.

మన పూర్వులు ఈ విషయమున నెంత జాగరూకులో చూడుడు. వస్తువు కానరాకపోవుటచేత అది లేదని తెలిసికొనుటను మీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి యని ప్రమాణముగ నంగీకరించిరి. కాని ప్రతి కానరామియు ప్రమాణము కాదనిరి. దీపము వెలుగుచున్న గదిలో కుండ కానరానిచో కుండ లేదనవచ్చును. చీకటిగదిలో కానరానిచో లేదన రాదు. ఉన్నచో తప్పక కానవచ్చునను పరిస్థితి యున్నప్పుడే ఆ కానరామి యోగ్యానుపలబ్ధి యగును. పరీక్ష దీపము. దీపము వెలిగించి చూచి "లేదు" అనుట "ఎఫ్". దీపమే వెలిగింపనిచోట "లేదు" అనుట తర్కమునకు విరుద్ధము. ఆ మాటవలన నొకరి జీవనమునకు హాని కలుగుచున్నది గనుక ధర్మమునకును విరుద్ధము.

ఇతర దేశములలో ఈ భేదమును పాటించుటకు ప్రత్యేకసంకేతములు కలవు. ఇంగ్లండు విశ్వవిద్యాలయములలో "ఈగ్రోటాట్" అను నొక పట్టము కలదు. లాటినులో ఆ మాటకు "అతడు రోగి" యని యర్థము. వ్యాధిచేత కడపటి పరీక్ష వ్రాయజాలనివాడు అంతకుముందు చూపిన పనినిబట్టి యోగ్యుడని తోచినచో పట్టమిత్తురు. కాని తరగతి నిర్ణయింపరు. తెలిసినంత చెప్పి తెలియనిదానిని విడుచుట కింతకంటె మంచి యుదాహరణ మరుదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, చక్కగా చదువుచు కడపటి పరీక్షకు మాత్రము రానివానికి "ఓ" అను నక్షరము వేయుదురు. మన పట్టికలో శిఖరమైన యక్షరమే అచ్చట గైరుహాజరీకి గుర్తు! రాకపోవుటకు తగిన హేతువు ఋజువైనచో దానిని "ఓఎక్స్"గా మార్చుదురు. అప్పుడా విద్యార్థికి మరల యోగ్యత చూపుకొను నవకాశమును అధ్యాపకుడు తప్పక ఈయవలయును. అమెరికా విశ్వవిద్యాలయములలో పని పూర్తికానిదానికి "ఐ" అనియు, నడుమ విరమించుకొనినదానికి "డబ్ల్యు" అనియు వేయుట సామాన్యము. ఇవి దయాభిక్షలు కావు. కడువు తీఱునాటికి పని ముగియనిచో "ఐ" అనునది "ఎఫ్" అగుట పెక్కుచోట్ల నియమము.

తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట యెట్టి దోషమో, తెలిసినదానిని దాచుటయు నట్టి దోషమే. కేంబ్రిడ్జి గణితపరీక్షలో 1890వ సంవత్సరమున ఫిలిప్పా ఫాసెట్ అను యువతి యందఱిని మించెను. ప్రథముడైన పురుషునికి సీనియర్ రాంగ్లర్ అను బిరుదు. స్త్రీల పేరులు ఆ పట్టికలో చేర్పరు గనుక ఆమె స్థానమును "సీనియర్ రాంగ్లరుకు పైన" అని చదివిరి. పైన నిలిచినయామెకు పట్టము లేదు, క్రిందివారందఱికిని కలదు. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పూర్తిపట్టములిచ్చుట 1948లో గాని మొదలుపెట్టలేదు. అచ్చట దీపము వెలిగినది, కుండ కానవచ్చినది, కాని సాక్షి నోరు మెదపలేదు.

ఇచ్చట కొందఱు పూర్వపక్షము చేయుదురు. మొదటి యాక్షేపము: రోగమను మిషతో ప్రతివాడును తప్పించుకొనును, వైద్యుని పత్రము కొన్నను దొరకునని. దొంగ రూపాయి కలదని నాణెములనన్నింటిని పాఱవేయుదుమా? పత్రమును శోధించుట విశ్వవిద్యాలయపు పని. ఆ పనికి బద్ధకించి సత్యము చెప్పినవానికిని సున్న వేయుట న్యాయము కాదు. అదియునుగాక, హాజరు 75 శాతమునకు తగ్గి 65కు పైనున్నవారిని వైద్యహేతువుమీద రుసుము పుచ్చుకొని మన్నించు నియమము మన సాంకేతిక విద్యాలయములలో నున్నదే. తరగతికి రాకుండుటకు నమ్మిన పత్రము పరీక్షకు రాకుండుటకు నమ్మరాని దెట్లయ్యెను?

రెండవ యాక్షేపము: ఉద్యోగమిచ్చువారికి ఒక్క యంకె కావలయును, వివరములు వినుటకు తీఱిక లేదని. వారి తీఱికకొఱకు సాక్షి యబద్ధమాడవలయునా? రాని పరీక్షను లెక్కనుండి తొలగించి, తక్కిన నాలుగింటికే సగటు కట్టినచో నా బాలికకు 9 వచ్చును. ప్రక్కన "ఒకటి మిగిలియున్నది" అని వ్రాసినచో అంకెయు నిజమగును, మాటయు నిజమగును.

మూడవ యాక్షేపము: ఇది విద్యాప్రమాణమును తగ్గించునని. నిజముగా ఇది మాకు గ్రాహ్యము కాదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి దేశమంతట వ్యాపించినప్పుడు, పరీక్షలు జరుపుటకు వీలులేనిచోట నడుమ సంవత్సరములవారికి సగము అంతర్గత మూల్యాంకనమునుండియు, సగము వెనుకటి సెమిస్టరునుండియు గ్రేడు ఈయవచ్చునని యు. జి. సి. ఏప్రిలు నెలలో సూచించెను. అప్పుడు "రానివారందఱికిని సున్న" అని యెవ్వరును అనలేదు. దేశమంతయు చీకటియైనప్పుడు చీకటి యని యొప్పుకొనినవారు, ఒక్క యింట చీకటియైనప్పుడు దానిని లేమి యనుచున్నారు. పదిమందికి వచ్చిన కష్టము కష్టము, ఒక్కరికి వచ్చినది తప్పు అనుట లోకరీతి కావచ్చును, విద్యాలయరీతి కారాదు.

కావున కావలసిన సంస్కార మధికము కాదు. సహేతుకమైన గైరుహాజరీకి సున్న వేయక వేఱు సంకేత ముంచవలయును. అట్టివారు తరువాత వ్రాసిన పరీక్షను మొదటి యత్నముగనే యెంచవలయును. ఇందుకు ధనవ్యయము లేదు. నిబంధనలలో రెండు పంక్తులు మార్చినచో చాలును. తల్లిదండ్రులును పట్టికలోని యంకెకు ముందు అక్షరమును చదువుట నేర్వవలయును. తమ బిడ్డకు రాదో, లేక యెవ్వరును చూడలేదో విచారించి పిమ్మట మాటాడవలయును.

శిష్యుడు తనకు తెలియనిదానిని తెలియదని చెప్పినచో గురువు సంతోషించును. ఆ నీతిని శిష్యులకు బోధించు విద్యాలయము, వారినిగూర్చి తాను పలుకునప్పుడు దానిని మఱవకుండుగాక.