నా చోటులో జరిగింది

ఆ రాత్రి నేను ఊదిన విజిల్ చాలా గట్టిగా మోగింది. ఇన్నేళ్ళయినా నన్ను తొలుస్తున్నది ఆ గట్టితనమే.

ధర్మపురిలో మే నెల. ఒక బడి ఆవరణలో సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు, చుట్టూ ఫ్లడ్‌లైట్లు, ప్రహరీ గోడ మీద కూడా జనం. నాతో పాటు రిఫరీగా వచ్చినాయన హొసూరు వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన ఇంట్లోనూ మా ఇంట్లోనూ తెలుగే. కోర్టులోకి దిగితే ఇద్దరిదీ తమిళం.

ఆటకు గంట ముందు వేపచెట్టు కింద కూర్చుని, సుద్దముక్కతో నేల మీద సగం కోర్టు గీశాడు. దాన్ని ఆరు గళ్ళు చేశాడు. ఒకడు బోర్డు కింద ఎండ్‌లైన్ దగ్గర ఉండాలి, వాడు లీడ్. ఇంకొకడు ఆట వెనకాలే రావాలి, వాడు ట్రైల్. బంతి ఏ గడిలో ఉంటే ఎవరు చూడాలో వేలితో తట్టి తట్టి చెప్పాడు.

"బంతి నీ చోటులో ఉంటే నేను బంతిని చూడను తమ్ముడూ. నువ్వు చూస్తున్నావని నమ్మి, మిగతావాళ్ళను చూస్తా. నువ్వూ అంతే."

ఆటకు 20 నిమిషాల ముందు కోర్టులో కాలుపెట్టాం. నిబంధనల ప్రకారం మా అధికారం మొదలయ్యేది అప్పుడే, తొలి బంతి గాల్లోకి లేచినప్పుడు కాదు. ఆయన బంతిని తల కంటే ఎత్తులో, 1.8 మీటర్ల నుంచి వదిలి, అది ఎంత లేస్తుందో చూశాడు. 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య లేవాలని అప్పట్లో మేం చదువుకున్న లెక్క. గడియారం, స్కోరుషీటు, టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళు ఆయన వంతు. ఆటగాళ్ళు నా వంతు. గోళ్ళు చూశాను, ఉంగరాలు తీయించాను. 8వ నంబరు కుర్రాడి చేతికి స్టీలు కడియం ఉంది. చిన్నప్పుడు వేసుకున్నదేమో, ఎంత లాగినా రాలేదు. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బు రాసి, నేనే మెల్లగా తిప్పుతూ లాగాను. దాని కింద చర్మం తెల్లగా, మెత్తగా, ఎండ ఎరగని చర్మంలా ఉంది. కడియాన్ని స్కోరరు పక్కన పెట్టి, ఆట అయ్యాక తీసుకోమన్నాను.

ఆఖరి ఆరు సెకన్లు. 8వ నంబరు కుర్రాడి జట్టు ఒక్క పాయింటు వెనక. బంతి వాడి చేతిలోనే ఉంది. లోపలికి దూసుకొచ్చాడు. నేను లీడ్‌లో, బోర్డు కింద. డిఫెండరు అడ్డం వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఇంకొకడి వీపు నా కళ్ళకు అడ్డం పడింది. ఒంటికి ఒళ్ళు తగిలిన చప్పుడు విన్నాను. డిఫెండరు వెల్లకిలా పడడం చూశాను. బంతి వలలోంచి జారడం చూశాను. డిఫెండరు ముందే వచ్చి నిలబడ్డాడా, ఇంకా జరుగుతూనే ఉన్నాడా? మొత్తం ఆట ఆ ఒక్క ప్రశ్న మీద ఉంది. నేను చూడనిది అదొక్కటే.

విజిల్ ఊదాను. పిడికిలి పైకెత్తాను. పిడికిలితో అరచేతిని గుద్ది చూపించాను: చార్జింగ్, అంటే తప్పు దూసుకొచ్చినవాడిదే. బాస్కెట్ చెల్లదని చేతులు ఊపాను. కుర్చీలోంచి లేచిన కోచ్ నా ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు. గోడ మీది జనం కూడా ఏమీ అనలేదు. ఒక్క పాయింటు తేడాతో ఆట ముగిసింది.

కడియం కోసం టేబుల్ దగ్గరికి వచ్చినప్పుడు ఆ కుర్రాడు నాతో అన్నాడు: "ఎన్ మేల దాన్ సార్ తప్పు." తప్పు అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే. తప్పు తనదేనన్నాడు. వాడు నా మీద అరిచినా బావుండేది.

అక్కడి నుంచి నా ఆలోచన ముందుకు కదలదు. ఆ కుర్రాడు తన ఒంటికి తెలిసింది చెప్పాడా, నా పిడికిలి చూసి నేర్చుకున్నది చెప్పాడా? నిజంగా తన తప్పే అయితే నా విజిల్ సరైనదే, నేను చూడకపోయినా సరైనదే. కాకపోతే, వాడి ఒంటికి తెలిసిన నిజాన్ని నా సైగ వాడి చేతే చెరిపించింది. ఓడించడం వేరు. ఓటమికి కారణం నువ్వేనని నమ్మించడం వేరు. రెండోది చేసే హక్కు నాకు ఎవరిచ్చారు?

న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు కనిపించాలి అంటారు. ఈ మాటను మేం రిఫరీలం దేవుడి పటంలా గోడకు తగిలించుకుంటాం. ఇస్త్రీ చెదరని చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు, వంగని నడుము, కోచ్‌తో తక్కువ మాట, సైగ చేసేటప్పుడు రెప్ప వాల్చని చూపు. ఇవన్నీ కనిపించడం కోసమే. కానీ కనిపించడం అంత బాగా చేతనైనవాడికి జరగడంతో అవసరమేముంది? నేను చూడనిదాన్ని చూసినట్టు కనిపించాను. అది నూటికి నూరుపాళ్ళు న్యాయంలాగే కనిపించింది.

అలాగని మెత్తగా ఊదడం గొప్పా? అంతకు రెండేళ్ళ ముందు ఇంకో ఊళ్ళో కళ్ళారా చూసిన ఫౌల్‌కే సగం ఊపిరితో ఊదాను. చెయ్యి కూడా భుజం దాటి లేవలేదు. ఆ సందులో రెండు జట్లూ కలబడ్డాయి. ఒక పిల్లాడికి పెదవి చిట్లింది. చూసిన నిజాన్ని మెత్తగా చెబితే రక్తం కారింది. చూడనిదాన్ని గట్టిగా చెబితే అందరూ ప్రశాంతంగా ఇళ్ళకు వెళ్ళారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఎన్నోసార్లు కూర్చున్నాను. లెక్క తేలలేదు.

ఆ రాత్రి బస్టాండు దగ్గర టీ తాగుతుంటే అన్న, హొసూరు బస్సు వస్తుందేమోనని అటే చూస్తూ, మామూలుగా అన్నాడు: "వాడు ఇంకా జరుగుతూనే ఉన్నాడు తమ్ముడూ. నిలబడలేదు."

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. "మరి రాలేదేం అన్నా?"

"నీ చోటు కదా. పైగా నువ్వు అంత గట్టిగా ఊదితే, బాగా చూశావనుకున్నా."

ఒక అధికారి తన పరిధిలో ఇచ్చిన నిర్ణయాన్ని కొట్టేసే అధికారం ఇంకొకరికి లేదని నిబంధన ఉంది. కానీ నా దగ్గరికి వచ్చి, తాను చూసింది చెవిలో చెప్పడానికి ఏ నిబంధనా అడ్డం లేదు. అడ్డం పడింది నా విజిల్. కోచ్ కోసం, జనం కోసం నేర్చుకున్న ఆ గట్టితనం, నాతో కలిసి నిజం వెతకాల్సిన మనిషిని కూడా జనంలో కలిపేసింది.

ఎవరి పని వాళ్ళు చూసుకుంటే లోకం సజావుగా నడుస్తుందన్న మాటను ఆ తర్వాత నేను నమ్మలేకపోతున్నాను. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్ ఈ ఆటకు 13 నిబంధనలు రాసినప్పుడే పని రెండుగా పంచాడు. మనుషులను చూసేవాడు అంపైర్, బంతిని చూసేవాడు రిఫరీ. అంటే రెండు కళ్ళూ ఒకే వైపు ఉండకూడదని మొదటి రోజు నుంచీ తెలుసు. వేపచెట్టు కింద మేమూ అన్నీ పంచుకున్నాం. గళ్ళు పంచుకున్నాం, గోళ్ళు ఎవరు చూడాలో, గడియారం ఎవరు చూడాలో పంచుకున్నాం. అనుమానం వస్తే ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళాలో మాత్రం అనుకోలేదు. పని పంచుకోవచ్చు గాని నిజాన్ని ఆరు గళ్ళుగా కోయలేం.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ గుర్తొస్తుంది. ఆఖరి మూడు సెకన్లను మళ్ళీ ఆడించారు. అంతర్జాతీయ సమాఖ్య పెద్ద విలియం జోన్స్ ప్రేక్షకుల్లోంచి దిగివచ్చి ఆడించమన్నాడు. ఆట మధ్యలో అలా చెప్పే అధికారం ఆయనకు లేదు. సోవియట్ జట్టు 51-50తో అమెరికా మీద గెలిచింది. బ్రెజిల్ రిఫరీ రిఘెట్టో స్కోరుషీటు మీద సంతకం పెట్టనన్నాడు. దాన్ని అమెరికా దుఃఖంగా చెబుతారు. నాకు మాత్రం ఆ పెన్నే కనిపిస్తుంది. కోర్టులో ఆపలేనిదానికి కాగితం మీదైనా చేతులు కట్టుకున్నాడు. మా స్కోరుషీటు మీద అన్న సంతకం ఉంది, దాని పక్కనే నాది. ఆయన సంతకం నా మీది నమ్మకం. నా సంతకం దేని మీద పెట్టాను?

ఆ ఆట జరిగిన ధర్మపురికి పాత పేరు తగడూరు, అదియమాన్ ఏలిన చోటు. ఆయన తరఫున కవయిత్రి అవ్వైయార్ తొండైమాన్ అనే రాజు దగ్గరికి రాయబారం వెళితే, అతను తన ఆయుధాలు చూపించాడు. నెయ్యి రాసి, నెమలి ఈకలు చుట్టి, తళతళలాడుతున్నాయి. మా రాజు ఆయుధాలు ఇలా ఉండవు, మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడి ఉంటాయి అందట ఆవిడ. పురనానూరులోని ఈ కథ తమిళ బడిలో చదివిన మాకు తెలిసిందే. అనుభవం గొప్పదని చెప్పే కథ అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంకోలా వినిపిస్తోంది. ఆ రాత్రి నా విజిల్ నెయ్యి రాసిన బల్లెం. దానికి ఏ ఎముకా తగల్లేదు. అనుమానం తగిలి విరిగిన మొనను పదిమందిలో చూపించడానికి నాకు ధైర్యం లేకపోయింది.

అయినా అన్న చూసిందే నిజమని ఎలా చెప్పను? ఆయన దూరంగా ఉన్నాడు. పైగా ఆ క్షణంలో ఆయన చూడాల్సింది నా చోటు కాదు. చూడనివాణ్ణి నేను, దూరం నుంచి చూసినాయన ఒకరు, ఒంటితో అనుభవించి తనదే తప్పన్నవాడు ఒకడు. ముగ్గురి సాక్ష్యమూ కలవదు. అందులో ఇద్దరి మీద నా విజిల్ నీడ పడింది. ఒకరి నోరు మూయించింది, ఇంకొకడి చేత మాట్లాడించింది.

ఇప్పుడు కుర్ర రిఫరీలతో కలిసి దిగేటప్పుడు నేనే సుద్దముక్క పట్టుకుంటాను. గళ్ళన్నీ అయ్యాక ఒక మాట చెబుతాను: "నేను మామూలుగా ఊదితే చూసే ఊదాననుకో. మరీ గట్టిగా ఊదితే మాత్రం, నీ చోటు కాకపోయినా, నా దగ్గరికి రా." వాళ్ళు తలూపుతారు. కొందరు నోటుబుక్కులో రాసుకుంటారు కూడా.

ఇంతవరకూ ఎవరూ రాలేదు. నేను సరిగ్గా చూస్తున్నందుకు రాలేదో, ఇంకా అంత గట్టిగానే ఊదుతున్నందుకు రాలేదో నాకు తెలియదు.